దిగువవీధికి నీళ్లొచ్చే వేళ

మునిసిపల్ ఆఫీసులో ఆమెను అందరూ పిల్లల మేడమ్ అంటారు. ఊరి ఖర్చులో పిల్లల వంతు ఏది, అది నిజంగా పిల్లలకే చేరుతోందా అని బల్ల బల్లకూ తిరిగి అడగడం ఆమె ఉద్యోగం. మునిసిపాలిటీలు బడ్జెట్ రాసుకునేటప్పుడు పిల్లల హక్కులు మరిచిపోకుండా దగ్గరుండి రాయించే సంస్థ ఒకటుంటే, అది ఆమెను తన మెట్టినూరికే వేసింది. వినడానికి గొప్ప పనే. నిజానికి అందులో సగం కూర్చోవడానికి కుర్చీ సంపాదించడం, తక్కిన సగం లేచి వెళ్లి వచ్చేలోగా ఆ కుర్చీ ఎవరూ పట్టుకుపోకుండా చూసుకోవడం.

పని మొదట్లోనే ఆమె ఒక పొరపాటు చేసింది. శాఖలన్నిటికీ తలా ఒక కాగితం పంచింది. మీ శాఖ పిల్లల కోసం ఏం చేస్తోంది, ఏం చేయగలదు అని అందులో ప్రశ్నలు. పాపం, అందరికీ పని తేలికవుతుందని అడుగున ‘వర్తించదు’ అని ఒక గడి కూడా గీసి పెట్టింది. తలుపు వేసుకోమని గొళ్లెం తనే చేతికిచ్చినట్టయింది. రోడ్లవాళ్లు టిక్కు పెట్టారు. వీధిదీపాలవాళ్లు టిక్కు పెట్టారు. నీటి సరఫరా ఇంజనీరు గారైతే టిక్కు కింద స్కేలుతో గీత కూడా గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం చేసి పంపారు.

ఆ ఇంజనీరు ఎవరో కాదు, ఆమె అత్తగారి తమ్ముడు. ఇంట్లో బాబాయిగారు, ఆఫీసులో సార్. ఊళ్లో ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆయన ఏర్పాటు చేసిందే. ఎండాకాలంలో కూడా ఆ వేళ తప్పనివ్వలేదని ఆయనకు గర్వం. అది ఉత్త గర్వమూ కాదు. పక్క ఊళ్లలో జనం ఖాళీ బిందెలతో రోడ్డెక్కిన ఏడాది కూడా ఈ ఊళ్లో కుళాయి మాట తప్పలేదు.

ఆమె ఆ కాగితాలన్నీ తీసుకుని ఫైల్లో పెట్టేసుకుంది. పిల్లలంటే బడి, పార్కు, టీకాలు. నీళ్లకీ వాళ్లకీ ఏం సంబంధమని ఆమెకూ తోచలేదు.

తరవాత పిల్లల సమావేశం పెట్టారు. పిల్లల్నే అడగాలి కదా అని, కౌన్సిల్ హాల్లో మెత్తటి కుర్చీల్లో వాళ్లను కూర్చోబెట్టి మైకు ఇచ్చారు. టీచరమ్మ ముందే బాగా వల్లె వేయించినట్టుంది, లేచినవాళ్లందరూ ఒకే రాగంలో ఉయ్యాలలు కావాలి, కంప్యూటర్లు కావాలి, చెట్లు నాటాలి అని చెప్పి కూర్చున్నారు. చైర్మన్ గారికి ఉయ్యాలల మాట నచ్చింది. ఉయ్యాలలైతే మీద పేరు రాయించుకోవచ్చు.

సమావేశం సగంలో తలుపు కొద్దిగా తెరుచుకుని అయిదారుగురు ఆడపిల్లలు ఒగురుస్తూ లోపలికొచ్చారు. పావడా అంచులు తడిసి కాళ్లకు అంటుకుంటున్నాయి.

“వచ్చారా మహారాణులు,” అంది టీచరమ్మ. పిల్లల మేడమ్ వైపు తిరిగి, వీళ్లది దిగువవీధనీ, రోజూ ఇదే తంతనీ, మొదటి క్లాసు సగమయ్యాక గానీ మొహం చూపించరనీ చెప్పింది. ఆలస్యంగా వస్తే ఆ పూట హాజరు వేయరట. ఇలాగే సాగితే హాజరు చాలక ఏడాది చివరి పరీక్షకు కూర్చోనివ్వరట. ఇప్పటి నుంచి ఒక్క పూటా పోకుండా వస్తే మటుకు బొటాబొటీగా గట్టెక్కుతారని కూడా చెప్పింది. ఆ చెప్పడంలో కోపం కన్నా దిగులే ఎక్కువ వినిపించింది.

వాళ్లలో సన్నగా, పొడుగ్గా ఉన్న పిల్లను తోటివాళ్లు తూనీగ అంటారు. మైకు ఆ పిల్ల చేతికిచ్చి నీకేం కావాలని మేడమ్ అడిగింది. ఆలస్యంగా వచ్చింది కాబట్టి టీచరమ్మ వల్లె వేయించిన పాఠం ఆ పిల్లకు అందలేదు.

“నాకు మొదటి క్లాసు కావాలి మేడమ్. మాకది లెక్కలు. ఏ లెక్కయినా మేం సగం నుంచే వింటాం. మొదలెట్టా పెట్టారో తెలీదు.”

హాలంతా నవ్వింది. పిల్లల మేడమ్ కూడా నవ్వబోయి, ఆ తడి అంచులు చూసి ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె దిగువవీధికి వెళ్లింది. కుళాయి ముందు బిందెలు, క్యాన్లు, మూత పోయిన పెయింటు డబ్బాలు బారులు తీరి ఉన్నాయి. వాటి పక్కన నిలబడ్డది చాలావరకు ఆడపిల్లలే. తల్లులు అప్పటికే పనుల్లోకి వెళ్లిపోయారు. ఒక పిల్ల పుస్తకం బోర్లించిన బిందె మీద పెట్టి చదువుకుంటోంది. ఇంకో పిల్ల ఒక జడ వేసుకుని రెండోది మరిచిపోయింది. అవతల వీధిలో బడి గంట మోగుతుండగానే కుళాయి గొంతు సవరించుకుని నీళ్లు కక్కింది. గంటకూ నీటికీ ఎవరో ముడిపెట్టినట్టు రెండూ ఒకేసారి వచ్చాయి. తూనీగ బిందె పెట్టింది, నింపింది, ఇంటికి పరుగెత్తింది, మళ్లీ వచ్చి వరసలో నిలబడింది. మేడమ్ అక్కడే నిలబడి, తన ఫైల్లో భద్రంగా ఉన్న ఆ ముత్యాల్లాంటి సంతకాన్ని తలుచుకుంది.

అదే పూట ఎగువవీధిలో, అంటే ఆమె అత్తవారి వీధిలో, తెల్లవారకముందే నీళ్లు వచ్చి పోయి ఉంటాయి. ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతాయో ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారీ ఆలోచించలేదు. అత్తగారు లేచి పట్టేస్తారు.

ఆదివారం బాబాయిగారు భోజనానికి వచ్చినప్పుడు ఆమె మాట కదిపింది. ఆయన ఓపిగ్గానే చెప్పారు. పాత మోటారుకు శక్తి చాలేది కాదు. దిగువ గొట్టం తెరిచి ఉంటే నీరు మెరక ఎక్కేది కాదు. అందుకని ముందు ఎగువకు ఇచ్చి, అది కట్టాక దిగువకు వదలడం పెట్టాం అన్నారు.

“మరి ఇప్పుడు కొత్త మోటారు వచ్చింది కదా బాబాయిగారూ.”

“వచ్చింది.”

“వేళలు మాత్రం పాతవే.”

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. “అమ్మాయ్, ఈ ఊళ్లో నా వేళల మీద ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపించలేదు.”

“వేలెత్తడం కాదండీ. ఆ పిల్లలు...”

“పిల్లల సంగతి నువ్వు చూడు. నీళ్ల సంగతి నేను చూస్తాను. ఆ కాగితంలో గడి గీసింది నువ్వే, అందులో నేను పెట్టిన టిక్కూ అదే చెబుతోంది.”

ఆయన మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయారు. కందిరీగల తుట్టెలో చెయ్యి పెట్టావని భర్త ఆ తరవాత మెల్లగా అన్నాడు. తను మాత్రం ఆ భోజనమంతా గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు. తమ్ముడు విడిచిన కంచం అత్తగారు తీస్తున్నప్పుడు గిన్నెలు మామూలు కన్నా గట్టిగా మోగాయి.

పై వారం బడ్జెట్ మీద కౌన్సిల్ కూర్చుంటుంది. ఒకసారి ఆమోదం పడితే మళ్లీ ఏడాది దాకా ఆ కాగితాలు ఎవరూ ముట్టరు. అప్పటికి పరీక్షలూ అయిపోతాయి. చైర్మన్ గారి చేత నేరుగా ఇంజనీరుకు ఉత్తర్వు ఇప్పించడం ఆమెకు కష్టం కాదు. రెండు రోజులు ఆ దారి గురించే ఆలోచించింది. చివరికి అది తనకే సయించలేదు. అలా తెరిపించిన వాల్వు ఎన్నాళ్లు తెరిచి ఉంటుంది?

అందుకని ఆఫీసులోనే ఆయన గదికి వెళ్లింది. సార్ అని మొదలుపెట్టి, గడి గీయడం తన తప్పేనని ముందు ఒప్పేసుకుంది. వేళలు మార్చమని అడగలేదు. రెండు గొట్టాలూ తెల్లవారుజామునే కలిపి తెరిస్తే కొత్త మోటారు తట్టుకుంటుందా లేదా, అదొక్కటే తెలియాలంది. తట్టుకోదని మీరు రాసిస్తే అదే నివేదికలో పెడతాను, ఇక ఆ మాట ఎత్తను అంది.

“తట్టుకోదు,” అన్నారాయన.

“చూసి చెప్పండి బాబాయిగారూ.”

సార్ అనడం మరిచిపోయానని ఆమె నాలిక కరుచుకుంది. ఆయన పెన్ను మూత తీసి మళ్లీ పెట్టారు. చూడకుండా చెప్పేవాడు అనే మాట ఆయనకు బాగా గుచ్చుకునే మాట. ఆమె దాన్ని నోట అనకపోయినా ఆయనకు వినపడే ఉంటుంది.

“రేపు తెల్లవారుజామున తెరిపిస్తాను. ఎగువవీధి చివరి కుళాయి మీ అత్తగారిదే. అక్కడ ధార పడిపోతే సమాధానం నువ్వే చెప్పుకో.”

ఈ ఒక్కటీ ఆమె లెక్కలో లేదు. దిగువవీధికి ఇచ్చేది ఎవరి వాటాలోంచి పోతుందో చూడకుండా కాగితం మీద తేలికగా రాసుకుంటూ వచ్చింది. ఆ వాటా తన ఇంటి పెరట్లోదని ఇప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం అత్తగారికి విషయమంతా చెప్పింది. ఆవిడ విని, సరే పడుకోమంది.

తెల్లవారుతుండగా బాబాయిగారు టార్చిలైటుతో వచ్చి పెరట్లో కుళాయి దగ్గర నిలబడ్డారు. వేళకు ధార వచ్చింది. కానీ రోజూ బకెట్ అడుగున దబదబా మోగే ధార ఆ రోజు చిటికెన వేలంత వచ్చి, గొణుక్కుంటూ పడింది. ఆయన మొహంలో గెలిచిన సంతోషం దాగలేదు.

“చూశావా అక్కా. నీ కోడలి నిర్వాకం.”

“చూస్తూనే ఉన్నాను,” అంది అత్తగారు. “ఇది ఆగిపోతుందా, ఇలా వస్తూ ఉంటుందా?”

ఆయన కొంచెం నీళ్లు నమిలారు. “వస్తుంది. రెండూ కలిపి వదిలాం కాబట్టి మామూలు కన్నా ఎక్కువసేపే వస్తుంది.”

“అయితే ఎక్కువసేపు పట్టుకుంటాను. నా కోసం ఎక్కడా బడి గంట కొట్టడం లేదుగా.”

కోడలు తలెత్తి చూసింది. అత్తగారు ఆమె వైపు చూడలేదు, బకెట్ సర్దుతోంది.

“అంతమాత్రాన సంబరపడకండి ఇద్దరూ. ఈ ధార మేడ మీది ట్యాంకుకు ఎక్కదు. నా ట్యాంకు ఎలా నింపుతావో నువ్వే చూడు తమ్ముడూ. ఇంజనీరువి కదా, ఆ మాత్రం చేతకాదా?”

చేతకాదా అన్న మాటతో ఆయనకు ఉత్సాహం వచ్చినట్టుంది. టార్చి ఆర్పేసి అక్కడే మెట్ల మీద కూర్చుని, మెరక మొదట్లో చిన్న మోటారు ఒకటి పెడితే చాలనీ, పెద్ద ఖర్చేం కాదనీ, ఈ మాట తను ఎప్పుడో అనుకున్నదేననీ చెప్పడం మొదలుపెట్టారు. ఎప్పుడో అనుకుంటే ఎందుకు చేయలేదని కోడలు అడగలేదు. కాఫీ తెచ్చి చేతికిచ్చింది.

కౌన్సిల్ సమావేశంలో చైర్మన్ గారు పిల్లల పద్దు చదువుతూ మధ్యలో కళ్లజోడు సర్దుకున్నారు.

“పిల్లల పద్దులో మోటారేమిటి? పిల్లలు మోటారు మీద ఊగుతారా?”

పిల్లల మేడమ్ లేవబోయింది. అంతలో బాబాయిగారే లేచారు.

“ఊగరు సార్. బడికి వెళతారు.”

ఆ తరవాత ఆయనే మొత్తం చెప్పారు. దిగువవీధికి తెల్లవారుజామున నీళ్లివ్వడానికి మోటారు అక్కర్లేదనీ, అది పై సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చనీ, ఎగువవాళ్ల ధార మళ్లీ పుంజుకోవడానికి మాత్రం మోటారు కావాలనీ వివరించారు. ఎగువవీధి సభ్యుడు అంతవరకు ఫోను చూసుకుంటూ కూర్చున్నవాడు, మోటారు తన వీధికే అనగానే పిల్లల హక్కుల గురించి ఆవేశంగా మాట్లాడాడు. ఎవరి కారణాలు వాళ్లకుంటాయి, చేతులు లేస్తే చాలునని మేడమ్ ఊరుకుంది. చేతులు లేచాయి. ఉయ్యాలలను మాత్రం ఆమె తీసేయనివ్వలేదు. ఆడుకోవడం కూడా పిల్లల హక్కే. చైర్మన్ గారి పేరు బోర్డు మటుకు ఖర్చులోంచి జారిపోయింది.

సోమవారం ఇంకా చీకటి విడవకముందే ఆమె, బాబాయిగారు దిగువవీధికి వెళ్లారు. కుళాయి అనుకున్న వేళకు వచ్చింది. తల్లులు ఇంకా ఇళ్లలోనే ఉన్నారు కాబట్టి బిందెలు వాళ్లే తెచ్చుకున్నారు. ఒకావిడ నిద్రమొహంతో, ఇంత పొద్దున్నే నీళ్లిమ్మని ఏ మహానుభావుడు చెప్పాడో గానీ అని సణిగింది. బాబాయిగారు అమ్మాయి వైపు చూసి నవ్వాపుకున్నారు. తెల్లారేసరికి కుళాయి చుట్టూ ఎవరూ లేరు. తడి నేల మీద ఒక కుక్క వచ్చి పడుకుంది.

బడి వేళకు పిల్లలు బయలుదేరారు. తూనీగ సందులోంచి వచ్చింది. పరుగెత్తడం అలవాటై, పరుగెత్తాల్సిన పని లేదని మరిచిపోయి నాలుగు అంగలు వేసింది. ఆనక నెమ్మదించి, స్నేహితురాలి భుజం మీద చెయ్యి వేసి నడిచింది. వాళ్లు మలుపు తిరిగాక కాసేపటికి గంట మోగింది.

పిల్లల మేడమ్ ఆ గంట ఆగేదాకా వింది. పక్కన మాట లేదేమిటా అని చూస్తే, బాబాయిగారు కుళాయి పక్కన గొంతుక్కూర్చుని గొట్టం అతుకు దగ్గర వేలు పెట్టి చూస్తున్నారు. అక్కడ నీరు సన్నగా ఊరుతోంది.

“ఈ లీకు కూడా నీ పిల్లల పద్దులోనే రాయాలా అమ్మాయ్?”

“రాయండి బాబాయిగారూ,” అందామె, బ్యాగులోంచి పెన్ను తీస్తూ. “మీ అక్షరాలతోనే.”