లిఫ్టులో పదిహేడు పాపాలు

భార్య పోయిన రెండు వారాలకు లిఫ్టు బాబాయ్ మళ్లీ పనిలోకి వచ్చాడు. ఏడంతస్తుల భవనం. లిఫ్టులో మీటల పక్కన ఒక స్టూలు, దాని మీద ఆయన. ఎక్కిన ప్రతివారూ ఆయన ముఖం చూసి ముందు "పాపం!" అనేవారు, తర్వాత తమ అంతస్తు చెప్పేవారు.

మూడో అంతస్తు పళ్ల డాక్టరు మాస్కు లోపలి నుంచే అనేవాడు. ప్లీడరు గుమాస్తా "పా..." అని కింద మొదలుపెడితే నాలుగో అంతస్తులో గానీ "...పం" వచ్చేది కాదు. పార్సిళ్లు తెచ్చేవాడు విషయం తెలియకపోయినా నలుగురితో పాటు అనేసేవాడు. "ఇక్కడ పాపం అనరాదు" అని అట్టముక్క మీద రాసి తగిలించాడు బాబాయ్. జనం అది చదివి, ఇంకా జాలిపడి, ఇంకోసారి అన్నారు.

ఐదో అంతస్తులో ప్రార్థన మందిరం. లిఫ్టు తలుపు తెరుచుకుంటే ఎదురుగా గోడ మీద రాసి ఉంటుంది: "యేసు అంటే రక్షకుడు. తన ప్రజలను పాపం నుండి రక్షించేవాడు." ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నా, ఆ మాట బాబాయ్ చదివింది మాత్రం ఆ అట్టముక్క తగిలించిన రోజే.

పదకొండింటికి పాస్టరుగారు ఒంటరిగా ఎక్కారు.

"అయ్యగారూ, నన్ను పాపం నుంచి తప్పించాలి. ఇక నా వల్ల కాదు."

పాస్టరుగారి ముఖం వెలిగిపోయింది. "తప్పకుండా బాబాయ్! ఎన్నాళ్ల నుంచి?"

"పనిలోకి వచ్చినప్పటి నుంచి. ఇవాళ ఇప్పటికి పదిహేడు."

"పదిహేడా! ఇంకా భోజనాల వేళైనా కాలేదే!"

"పళ్ల డాక్టరుగారితోనే నాలుగు. వాళ్లావిడతో ఇంకో రెండు."

పాస్టరుగారు గోడకు ఆనుకున్నారు. "ఎక్కడ, ఇవన్నీ?"

"ఇక్కడే. తలుపులు మూసుకోగానే."

అసలు సంగతి తేలేసరికి ఐదో అంతస్తు రెండుసార్లు వచ్చి వెళ్లిపోయింది. పాస్టరుగారు నవ్వు ఆపుకోలేకపోయారు. "అది ఆ పాపం కాదు బాబాయ్! జనం జాలిపడితే మీకేం నష్టం? ఇల్లాలు పోయిన మనిషి, పాపం..." అని నాలుక కరుచుకున్నారు.

"పద్దెనిమిది," అన్నాడు బాబాయ్. నాలుగుకీ ఐదుకీ మధ్య లిఫ్టు ఆపేశాడు.

"నష్టమా? వాళ్లు జాలితోనే అంటారండి. నాకేమో నేను చేసినదాన్ని పేరు పెట్టి పిలుస్తున్నట్టుంటుంది. పోయిన రోజు పొద్దున మా ఆవిడ, గుండెల్లో బరువుగా ఉంది, ఇవాళ్టికి ఉండిపోవా అని అడిగింది. వంట ఎగ్గొట్టే వేషాలు కట్టిపెట్టమన్నాను. తలుపు లాగేసి వచ్చాను. ఆ రోజంతా ఇక్కడే ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి పోయింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు."

పైనా కిందా జనం తలుపులు బాదుతున్నారు. పాస్టరుగారి ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు.

"ఆ గోడ మీద రాసింది ఈ పాపం గురించే," అన్నారు మెల్లగా. "జనం నోళ్ల నుంచి ఆయన తప్పిస్తాడని నేను చెప్పలేను. దీన్నుంచి రక్షిస్తాడు. అడగండి."

"ఎలా అడగాలో రాదు."

"పేరు పెట్టి పిలవండి."

బాబాయ్ కళ్లు మూసుకున్నాడు. "యేసయ్యా..." తల అడ్డంగా ఊపాడు. "అంతే వచ్చిందండి. ఏమీ అడగలేకపోయాను."

"అడిగేశారు. దేవుడు రక్షిస్తాడు అనేదే ఆ పేరుకు అర్థం. అడగాల్సిందంతా అందులోనే ఉంది."

కింద నుంచి గుమాస్తా గొంతు చించుకుంటున్నాడు. "బాబాయ్, కోర్టు టైమైపోయింది! అసలున్నారా, పోయారా?"

పాస్టరుగారు మీటల వైపు చూశారు. "ఇక కదులుదామా?"

"ఉండండయ్యా," అన్నాడు బాబాయ్, స్టూలు మీది నుంచి లేచి నిలబడుతూ. "ఇంకోసారి పిలుస్తాను."