వంతెన అవతలి సర్టిఫికెట్

ఆ కరపత్రం తెచ్చింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను ఎవరి మీద నోరు పారేసుకున్నా, నా తప్పు దాచుకున్నానని ఎవరూ అనకూడదు.

నా పేరు బెర్నడీన్ స్టాఫ్కో. హాక్లీ ఊరి ప్రాథమిక పాఠశాల ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా సెక్రటరీని. నా బల్లకీ నర్సు గదికీ మధ్య ఒక్కటే తలుపు. అది ఎప్పుడూ తీసే ఉండేది, ఎందుకంటే అవతల లోర్నా హుడక్ ఉండేది. కడుపునొప్పి అంటూ వచ్చిన పిల్లల్లో ఎవరికి నిజంగా నొప్పో, ఎవరికి లెక్కల పరీక్షో, ఎవరు పొద్దున్న ఏమీ తినకుండా వచ్చారో మొహం చూసి చెప్పేసేది. మూడో రకం వాళ్ళ కోసం సొరుగులో బిస్కెట్లు దాచేది. అవి తన డబ్బుతోనే కొనేది.

ఇక టెస్సా బోడ్నార్. ఐదేళ్ళప్పుడు చక్కెర జబ్బుతోనే మా బడికి వచ్చింది. రోజూ మధ్యాహ్నం తిండికి ముందు వేలు పొడిచి రక్తం చూడాలి. లోర్నా ముందుగా ఆ పిల్ల చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చగా రుద్దుతూ, వాళ్ళింటి కుక్క చేసిన వెధవ పనులన్నీ చెప్పించుకునేది. కుక్క కథ అయ్యేలోపు పొడవడమూ అయిపోయేది. మూడేళ్ళలో ఆ గదిలోంచి ఆ పిల్ల ఏడుపు నేను వినలేదు.

ఆ పిల్ల వచ్చిన ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం నుంచి కొత్త నియమం దిగింది. బడిలో నర్సుగా ఉండాలంటే నర్సు లైసెన్సు ఒక్కటే చాలదట, బడి నర్సు సర్టిఫికెట్ కూడా ఉండాలట. గడువు మూడేళ్ళు. అది లేకపోతే ఉద్యోగం లేదు. పదకొండేళ్ళుగా చేస్తున్న పనికే, యాభై రెండేళ్ళ వయసులో, మళ్ళీ పుస్తకాలు పట్టుకోమన్నారు.

లోర్నా రోగుల మంచం మీద రెండు కాగితాలు పరిచింది.

"ఇది మన రాష్ట్ర విశ్వవిద్యాలయానిది. గంటన్నర కారు ప్రయాణం. క్లాసులన్నీ శనివారాలే. శనివారం వృద్ధాశ్రమంలో డ్యూటీ మానేస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదే, బెర్నీ. మా ఆయన డెన్నీ నడుం పోయినప్పట్నుంచీ నా రెండు పనులే కదా మాకు దిక్కు."

"మరి కొండ మీద కన్యాస్త్రీల కాలేజీ?"

"ఫీజు చూశావా? అంత పుచ్చుకుంటే నన్ను నర్సుని చేస్తే సరిపోదు, పునీతురాల్ని చేసి చర్చిలో బొమ్మ పెట్టించాలి."

అప్పుడు తీశాను నా సంచీలోంచి ఆ కరపత్రం. వంతెన అవతల పెట్రోలు బంకులో, లాటరీ టిక్కెట్ల పక్కన దొరికింది.

"ఇదిగో, ఇది చూడు. సాయంత్రం క్లాసులు. ఫీజు సగం. ప్రాక్టీసు నీ బళ్ళోనే చేసుకోవచ్చట."

"సగమా? తిరకాసు ఏంటే ఇందులో?"

"తిరకాసేముంది? అవతల పెట్రోలు చవక, సిగరెట్లు చవక. చదువు కూడా చవకే అయ్యుంటుంది."

"వేరే రాష్ట్రం కదే. ఇక్కడ చెల్లుతుందంటావా?"

"నీ లైసెన్సు అక్కడ చెల్లట్లేదా? మరి శనివారం శనివారం అవతలి వృద్ధాశ్రమంలో ముసలాళ్ళకి ఇంజెక్షన్లు ఎలా ఇస్తున్నావు? వంతెన దాటితే రోగాలు మారిపోతాయా ఏంటి?"

నవ్వింది. అదీ జరిగింది. ఆమెకి అనుమానం వచ్చింది, నవ్వించి ఆ అనుమానాన్ని పోగొట్టింది నేను.

రెండు రాష్ట్రాల మధ్య, ఆ వంతెన కింద పారే నది మా ఊరివాళ్ళకి ఒక పెద్ద మురుగుకాలవతో సమానం. పెళ్ళిళ్ళు అవతల, బింగో అవతల, పెద్ద ఉపవాస రోజుల్లో శుక్రవారం చేపల వేపుడు అవతలి చర్చిలో. అక్కడ వేరే ప్రభుత్వం ఉందన్న సంగతి పన్నులు కట్టేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు. కరపత్రం మీద 'ఫలానా రాష్ట్ర విద్యాశాఖ ఆమోదం' అని వాళ్ళ రాష్ట్రం పేరే స్పష్టంగా రాసి ఉంది. వాళ్ళేమీ మోసం చెయ్యలేదు. మేమిద్దరం చదివాం కూడా. చదివి, బాగుంది అనుకున్నాం.

చదువు రెండేళ్ళు సాగింది. ప్రతి ఆరు నెలలకీ, ఆమె చదువుతున్నట్టు ఒక కాగితం మీద మా బడుల పెద్ద అధికారి క్రెస్లర్ సంతకం పెట్టాలి. నాలుగుసార్లూ ఆ కాగితం పైకి పట్టుకెళ్ళింది నేనే. నాలుగుసార్లూ ఆయన చదివి, కలం మూత తీసి, "పట్టుదల గల మనిషి" అని మెచ్చుకుంటూ సంతకం పెట్టాడు. లోర్నా కారులో చదివేది, సూప్ తాగుతూ చదివేది, వృద్ధాశ్రమంలో ముసలాళ్ళు నిద్రపోయాక చదివేది. క్లాసులో మొదటి మార్కులు ఆమెవే. మే నెలలో సర్టిఫికెట్ వచ్చిన రోజు నేను కేకు తెచ్చాను. టెస్సా నీలం క్రీము గులాబీ తనకే కావాలంది. తినాలంటే మళ్ళీ వేలు పొడవాలని తెలిసీ అడిగింది.

జూలైలో బడికి సెలవులు. నేనొక్కదాన్నే ఆఫీసులో ఉండగా, మన రాష్ట్ర విద్యాశాఖ పంపిన ఒక ఉత్తరంతో లోర్నా వచ్చింది.

"కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదవవే. నేనే తప్పుగా చదివానేమో."

తప్పుగా చదవలేదు. ఆ కోర్సు మన రాష్ట్రం జాబితాలో లేదు. ఆ మార్కులు ఇక్కడ లెక్కకి రావు. కావాలంటే మొదటినుంచీ చదువుకోవచ్చు. గడువు మాత్రం ఆగస్టు ఆఖరుదాకా.

"తిట్టవే నన్ను," అన్నాను.

"ఏమని తిట్టను? అడిగింది నేను, చెల్లుతుందన్నది నువ్వు, నమ్మింది నేను. తిట్టుకి చోటెక్కడుంది?"

తిట్టి ఉంటే బాగుండేది. ఈ రోజుకీ అదే అనిపిస్తుంది.

ఆమె వెళ్ళగానే మెట్లెక్కి క్రెస్లర్ గదికి పోయాను. తలుపు కూడా తట్టలేదు.

"ఆ కాగితం మీద కాలేజీ పేరు ఇంతింత అక్షరాల్లో ఉంది. నాలుగుసార్లు చూశారు. అది ఇక్కడ చెల్లదని మీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడు. అబద్ధమాడతాడనుకున్నాను. అబద్ధమాడేంత భయం కూడా లేదు ఆయనకి.

"తెలిసీ సంతకం పెట్టారా?"

"బెర్నడీన్, కూర్చోండి. మొదట్లోనే చెబితే ఆవిడ అప్పుడే వేరే ఉద్యోగం చూసుకునేది. ఆ జీతానికి నాకు ఇంకో నర్సు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? నేను సంతకం పెట్టింది ఆవిడ చదువుతోందని. చదివింది కదా?"

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను. ఈయన తెప్ప ఎక్కేటప్పుడే అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

"మరి పిల్లలకి మందులు ఎవరిస్తారు?" అన్నాను.

ఆయన నావంక చూశాడు. "మీ బల్ల ఆ గది పక్కనేగా?"

సర్టిఫికెట్ ఉన్న నర్సు పెద్ద బడిలో ఒకావిడ ఉందట. ఆవిడ ఫోన్లో కనిపెట్టుకుని ఉంటే చాలట, మిగతా బడుల్లో శిక్షణ పొందిన సిబ్బంది ఎవరైనా మందులివ్వొచ్చట. ఆ శిక్షణ రెండు గంటలు. కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు చూసి పది ప్రశ్నలకి జవాబులు నొక్కాను. మూడు తప్పినా పాస్ చేశారు. పైగా సాండ్‌విచ్ పెట్టారు. ఫీజు లేదు, దూరం లేదు, శనివారాలు లేవు. లోర్నా మంచం మీద పరిచిన కాగితాల్లో ఇంత చవకైన కోర్సు లేదు.

నేను ఒప్పుకోనని చెప్పి ఉండొచ్చు. అప్పుడు నా ఉద్యోగమూ పోయేది, ఆ పని ఇంకెవరికో అంటగట్టేవాళ్ళు. ఇలా అని రోజూ నాకు నేనే చెప్పుకుంటాను. నిజానికి భయపడ్డాను.

లోర్నాని వంతెన అవతలి బడి వారం తిరక్కుండా తీసుకుంది. అక్కడ ఆ సర్టిఫికెట్ బంగారం.

సెప్టెంబర్లో బడి తెరిచిన మొదటి రోజు మధ్యాహ్నం టెస్సా వచ్చింది. గదంతా వెతికి చూసింది.

"మిస్ లోర్నా ఏది?"

"వంతెన అవతల బళ్ళో చేరిందమ్మా."

"అక్కడ నాలాంటి పిల్ల ఉందా?"

"ఉండే ఉంటుంది."

ఆలోచించింది. "అదృష్టం దానిది," అంది.

శిక్షణలో ఇచ్చిన కాగితంలో రాసినట్టే వేలు తుడిచి పొడిచాను. రక్తం రాలేదు. నొక్కాను. రాలేదు. టెస్సా పెదవి బిగబట్టింది.

"ముందు చెయ్యి రుద్దాలి," అంది.

రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దాను. నా చేతులు ఆ పిల్ల చేతికంటే చల్లగా ఉన్నాయి.

"మీ కుక్క ఏం చేసింది ఈ వేసవిలో?" అన్నాను.

"అది మిస్ లోర్నాకే చెప్పే కథ," అని, మొహం గోడవైపు తిప్పుకుని, ఇంకో వేలు చాపింది.

మళ్ళీ పొడిచాను. ఈసారి ఏడ్చింది.