దుర్గయ్య కుట్టిన పుస్తకాలు

దుర్గయ్య అచ్చయిన కాగితాన్ని మడిచి, మడత మీద చెక్కబద్దతో గట్టిగా రుద్ది పక్కన పెట్టాడు. మళ్లీ ఇంకోటి. చిక్కడపల్లి సందులోని ఆ ప్రెస్సులో ముప్పైరెండేళ్లుగా అతని పని ఇదే, మడవడం, కుట్టడం, జిగురుతో అట్ట అంటించడం. దారం కోసి కోసి చూపుడువేలి మీద గాడి పడింది. మెడ ముందుకు వంగిపోయింది. పేజీల వరుసను అంకెలు చూసి సరిచేస్తాడు. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. అయిదేళ్లు బడికి వెళ్లినా రాలేదని తెలిసిన మనిషి అతని భార్య ఒక్కతే. ఆమె పోయి ఆరేళ్లయింది.

అది 2012 డిసెంబరు, శనివారం. మధ్యాహ్నం యజమాని ఇంద్రసేన వచ్చి, "దుర్గయ్యన్నా, ఈ కట్ట నారాయణగూడల మనోరమ మేడంకు ఇచ్చి రా" అన్నాడు. చదవడం కష్టమైన పిల్లల కోసం పెద్దక్షరాలతో, ఎడం ఎడంగా అచ్చువేయించిన కథల పుస్తకాలవి. మనోరమ రిటైరైన టీచరు. అలాంటి పిల్లల తల్లిదండ్రులను నెలకోసారి ఒక హాల్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది.

ఆ రోజు సమావేశం నడుస్తోంది. దుర్గయ్య హాల్లో కట్ట దించేసరికి రమాకాంత్ అనే తండ్రి లేచి నిలబడి ఉన్నాడు. ఎదురుగా దరఖాస్తు. పదో తరగతి పరీక్షలో అతని కూతురు భాగ్యశ్రీకి ఎక్కువ సమయం, చెబుతుంటే రాసిపెట్టే మనిషి కావాలని అందులో ఉంది. సోమవారమే గడువు.

"సంతకం పెట్టను మేడం. నా బిడ్డకు బుద్ధి తక్కువని నేనే రాసియ్యాల్నా? దీనికి బద్ధకం, అంతే."

"బుద్ధికీ చదవలేకపోవడానికీ సంబంధం లేదు రమాకాంత్ గారూ," అంది మనోరమ అలసిన గొంతుతో.

తండ్రి పక్కన కూర్చున్న భాగ్యశ్రీ చున్నీ అంచును వేలికి చుట్టుకుంటోంది. ముఖంలో ఏమీ లేదు. దుర్గయ్యకు ఆ ముఖం బాగా తెలుసు.

"సార్, నన్ను గూడ గట్లనే అన్నరు," అన్నాడు. గొంతు తనది కానట్టు వినిపించింది. "అయిదేండ్లు కొట్టిండ్రు. అక్షరం రాలే. ముప్పైరెండేండ్ల సంది పుస్తకాలు కుడుతున్న, ఒక్కటి గూడ చదవలే. బద్ధకమైతే అన్ని కుడుతనా సార్?"

భాగ్యశ్రీ తలెత్తింది.

"మ, య నీకు గూడ ఒక్కతీరే కనిపిస్తయా తాతా?"

"ఇప్పటికి గూడ, బిడ్డా."

రమాకాంత్ కూర్చున్నాడు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు. మనోరమ పెన్ను అందించింది. సంతకం పెట్టాడు.

ఇన్నేళ్లు దాచింది బయటపడ్డాక సిగ్గో, తేలికో కలుగుతుందని దుర్గయ్య ఎదురుచూశాడు. ఏదీ రాలేదు. వాళ్లిచ్చిన చాయ్ తాగి, నడిచి ప్రెస్సుకు వచ్చి, మిగిలిన పని ముందు కూర్చున్నాడు.

సాయంత్రం ఇంద్రసేన పిలిస్తే పలకలేదు. గోడకు ఆనుకుని, గడ్డం ఛాతీ మీద వాల్చి ఉన్నాడు. గుండె ఆగి గంట దాటిందన్నాడు డాక్టరు.

మే నెలలో భాగ్యశ్రీ పదో తరగతి పాసైంది. రమాకాంత్ స్వీట్ల డబ్బాతో ప్రెస్సుకు వచ్చాడు. దుర్గయ్య లేడన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది. ఇంద్రసేన లోపలికి తీసుకెళ్లి, దుర్గయ్య కూర్చునే చోటు చూపించాడు. గోడవార రేకు డబ్బాలో మైదా జిగురు ఎండి రాయిలా బిగుసుకుపోయింది, దాని నడుమ బ్రష్షు నిటారుగా నిలబడి ఉంది.