తోక లేని సాక్షి

తత్సుకిచి తన కోడి తోకను తలుపు సందులో ఇరికించుకున్నాడన్న కబురు చేపల బజారు దాటి, మంగలి కొట్టు దాటి, అతని చెల్లెలు మిసావో వంటింటికి చేరేసరికి ఆవిడ పొయ్యి మీద మిసో పులుసు కలుపుతోంది. గరిటె పక్కన పెట్టి ముందు "అయ్యో పాపం" అంది. తరవాత నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే పులుసు పొంగి పొయ్యి ఆరిపోయింది, మొగుడు యోహేయ్ వచ్చి వీపు నిమరాల్సి వచ్చింది.

జరిగింది ఇదీ. కోళ్ళ ప్రదర్శన దగ్గరపడిందని పెంపకందార్ల సంఘం వాళ్ళంతా క్రితం సాయంత్రం విందు చేసుకున్నారు. తత్సుకిచి తన నల్ల పుంజును చంకలో పెట్టుకుని మరీ వెళ్ళాడు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకునే రకం. గడ్డిమంట మీద కాల్చిన చేపముక్కలు తిని, నాలుగు గిన్నెల సాకే సారా పట్టించాక, పుంజును గది మధ్యలో నిలబెట్టి అందరిచేతా పొగిడించుకున్నాడు. పొగడ్తలు సరిపోయాక పుంజు తన దారిన పక్కగదిలోకి నడిచింది. చలిగాలి వస్తోందని ఎవరో అన్నారు. తత్సుకిచి తన చేత్తోనే జారుడు తలుపు సర్రున లాగాడు. తోక ఈ గదిలో ఉండిపోయింది, కోడి ఆ గదిలోకి వెళ్ళిపోయింది.

ఇంకో జాతి కోడికైతే అదేమంత నష్టం కాదు. చాబో కోడికి తోకే కిరీటం. కాళ్ళు ఎంత పొట్టిగా ఉండాలంటే నడుస్తుంటే పొట్ట నేలకు రాసుకోవాలి. రెక్కల కొసలు నేల ఊడవాలి. తోక మాత్రం తలను దాటి నిటారుగా లేవాలి. కోడి గుప్పెడు, దర్పం గంపెడు. తత్సుకిచి దగ్గరున్న నల్ల చాబోలు వాళ్ళ నాన్న కట్టిన వంశం. నాన్న పోతూ పోతూ మందంతా కొడుకు చేతిలో పెట్టాడు. కూతురి చేతిలో ఏమీ పెట్టలేదు. మిసావో ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు, మరిచిపోనూ లేదు.

ఆవిడ చేసిందల్లా అన్నయ్య ఏరిపారేసినవాటిని తెచ్చుకోవడం. రంగు చెడిందనీ, కాళ్ళు పొడుగనీ అతను కూరకు పంపబోయే పెట్టల్ని అడిగి పట్టుకొచ్చేది. పొట్టికాళ్ళ పుంజుకు పొట్టికాళ్ళ పెట్టనే జత కడితే కొన్ని పిల్లలు గుడ్డులోనే చచ్చిపోతాయి. పొడుగుకాళ్ళ పెట్టను కడితే ఆ చావు తప్పుతుంది. తత్సుకిచికి అంత ఓపిక లేదు, మిసావోకు ఉన్నదే ఓపిక. ఓ తరం తరవాత ఇంకో తరం, పిల్లపిల్లనీ వెలుగులో పట్టి చూసుకుంటూ, పదేళ్ళు పైచిలుకు కూర్చుంటే వచ్చింది ఆ రంగు. బాగా వేయించిన తేయాకు రంగు ఒళ్ళు, నల్లటి తోక, తోక అంచున మళ్ళీ సన్నగా అదే తేయాకు గీత.

అది చూసిన మొదటిరోజు తత్సుకిచి రెండిళ్ళ మధ్యనున్న వెదురు తడక మీంచి తొంగిచూసి, "ఏమే, కెటిల్ అడుగు గీకి పూశావా? దీన్ని రంగంటారా ఎవరైనా? మసి అంటారు" అన్నాడు.

ఆవేళ్టినుంచి ఊళ్ళో అందరూ మసి అనే అన్నారు. మిసావో నవ్వేసి ఊరుకునేది, లోపల మాత్రం భగ్గున మండేది. ఆ రంగుకు సంఘం గుర్తింపు వచ్చి, అన్నయ్య ఆ మాట మింగేదాకా తనకు నిద్ర పట్టదని యోహేయ్‌తో అనేది. నిద్ర మాత్రం బాగానే పట్టేదని యోహేయ్ సాక్ష్యం.

కొత్త రంగుకు గుర్తింపు కావాలంటే వరుసగా మూడేళ్ళు, ఏటా ఓ కొత్త పుంజుతో, అదే రంగూ అదే పొంకమూ చూపించాలి. ఒక్క ఏడు తప్పితే మళ్ళీ మొదటికి. రెండేళ్ళు గట్టెక్కాయి. ఈ ఆదివారం మూడోది. న్యాయనిర్ణేత ఇచిహారా మాస్టారు కోడిని బల్ల మీద పెట్టించి, పక్కన ఓ పొట్టి అగరుబత్తి వెలిగిస్తారు. అది కాలిపోయేలోగా కోడి తనంతట తాను తోకెత్తి నిలబడాలి. చెయ్యి తగలకూడదు, పిలవకూడదు, ఈల వెయ్యకూడదు.

ఆ నిలబడటం నేర్పడంలో అన్నాచెల్లెళ్ళిద్దరికీ చెరో రహస్యం ఉంది. రోజూ పొద్దున్నే తడకకు ఇవతల మిసావో చేపల పెట్టె బోర్లించి తన పుంజును దాని మీద పెట్టేది. అవతల తత్సుకిచి తన పుంజును ఓ రాతి మీద పెట్టేవాడు. తన పుంజు నిక్కి నిలబడటానికి కారణం తవుట్లో కలిపే ఎండుచేపల పొడి అని ఆవిడ నమ్మకం. తను తీసే కూనిరాగం అని అతని నమ్మకం.

సరే, నవ్వడం అయ్యాక మిసావో పుంజును ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళి పెట్టె మీద నిలబెట్టింది. పుంజు చతికిలబడింది. తోక తడిసిన పీచులా వాలిపోయింది.

ఎండుచేపల పొడి పెట్టింది. తిని, మళ్ళీ చతికిలబడింది. అద్దం తెచ్చి పెడితే అద్దాన్ని రెండు పోట్లు పొడిచి అటు తిరిగి పడుకుంది.

"ఏమండీ, ఓసారి ఇలా రండి," అంది మిసావో. "మీరు పుంజులా నడవాలి."

"నేనా?"

"నల్లకోటు వేసుకోండి. తోకకు చీపురు దోపుకోండి."

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో నువ్వు నన్ను అడిగినవాటిల్లో ఇది..." అని యోహేయ్ ఆ మాట పూర్తి చెయ్యలేదు, కోటు తెచ్చుకోవడానికి వెళ్ళాడు. మంచివాడు. గొంతుక్కూర్చుని, చీపురు నిటారుగా నిలబెట్టి, ఛాతీ విరుచుకుని తడక పొడుగునా అటూ ఇటూ నడిచాడు. కూశాడు కూడా. వీధిలో పోతున్న తపాలా మనిషి సైకిలు ఆపి, టోపీ తీసి పలకరించి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. పుంజు యోహేయ్‌ను జాలిగా చూసింది.

అప్పుడు తడక అవతల, తలుపులన్నీ బిగించుకున్న తత్సుకిచి ఇంట్లోంచి, నల్ల పుంజు కూత సన్నగా వినిపించింది. తేయాకు పుంజు తల ఎత్తింది. తోక సగందాకా లేచింది. తడక కన్నంలోంచి ఖాళీ రాతిని చూసి, మళ్ళీ వాలిపోయింది.

మిసావో ఆ ఖాళీ రాతిని చూసింది. ఇన్నాళ్ళూ ఎండుచేపల పొడి అనుకున్నది ఎండుచేపల పొడి కాదు. ఎదురుగా అన్నయ్య కోడి ఉంటేనే తన కోడి కోడి. ఇప్పుడా కోడి తోక పోయి, సిగ్గుతో ఇంట్లో కూర్చుంది. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. పొద్దున నవ్విన నవ్వంతా వడ్డీతో సహా తిరిగొచ్చింది ఆవిడకు.

నేరుగా వెళ్ళి అన్నయ్య తలుపు తట్టింది.

"అన్నయ్యా, తలుపు తియ్యి."

"తలుపుల మాట నా దగ్గర ఎత్తకు," అన్నాడు తత్సుకిచి లోపల్నించి.

"ఆదివారం నీ పుంజును తీసుకురావాలి."

"దేనికి? అందరూ చూసి నవ్వడానికా? నువ్వు పొద్దున నవ్విన నవ్వు ఇక్కడిదాకా వినపడింది."

"నీ పుంజు ఎదురుగా లేకపోతే నా పుంజు నిలబడట్లేదు."

లోపల్నించి అడుగులు తలుపు దగ్గరికొచ్చాయి.

"ఏమన్నావ్?"

"విన్నావుగా."

"వయసు మీద పడింది. చెవులు సరిగ్గా పనిచెయ్యవు. ఇంకోసారి అను."

అంది. మూడోసారి కూడా అనిపించుకున్నాడు. అప్పుడు తలుపు జానెడు తెరుచుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కానీ మీసం కింద నవ్వు ఆపుకోలేక ఛస్తున్నాడు.

"అయితే నా పుంజును చూస్తేనే నీ మసిగాడికి రోషం వస్తుందన్నమాట."

"అవును."

"నేనుంటేనే నువ్వన్నమాట."

"నీ పుంజుంటే నా పుంజన్నాను. నువ్వు సందులో దూరకు."

తత్సుకిచి మీసం సవరించుకున్నాడు. "గంపలో పెట్టి తెస్తాను. గుడ్డ కప్పి ఉంటుంది. ఆ గుడ్డ మాత్రం తియ్యను. ఈ ఊళ్ళో ఎన్ని బహుమతులు తెచ్చిన పుంజు అది. దాని మొండితోక జనానికి చూపించను. కూత వినిపిస్తే చాలుగా నీకు?"

చాలంది మిసావో. ఆ క్షణంలో కూత కాదు, దగ్గు వినిపించినా చాలనేది.

ఆదివారం ఊరి సమావేశ మందిరం కిటకిటలాడింది. తేయాకు పుంజును బల్ల మీద పెట్టారు. ఒంటి రంగుకు లోపం లేదు, కాళ్ళకు లోపం లేదు. ఇచిహారా మాస్టారు అగరుబత్తి వెలిగించి చేతులు కట్టుకున్నారు. పుంజు హాయిగా చతికిలబడింది.

ముందు వరసలో తత్సుకిచి, ఒళ్ళో గంప, గంప మీద గుడ్డ. గంపలోంచి చప్పుడు లేదు. గుడ్డ కప్పితే కోడికి రాత్రి అయినట్టే లెక్క. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కోళ్ళు పెంచుతున్న ఇద్దరిలో ఒక్కరికీ అది తట్టకపోవడం ఏమిటో. లోపల నల్ల పుంజు శుభ్రంగా నిద్రపోతోంది.

అగరుబత్తి సగమైంది. మిసావో లెక్కేసుకుంది. మళ్ళీ మొదటినుంచీ అంటే మూడేళ్ళు. మూడేళ్ళు పడగలదు. అన్నయ్య నోట మసి అన్న మాట ఇంకో మూడేళ్ళు పడలేననిపించింది, కళ్ళు చెమర్చాయి. గుడ్డ తియ్యనని ముందే చెప్పిన మనిషిని అడగడానికి నోరు రాక, అతని వంక చూసి ఊరుకుంది.

తత్సుకిచి కూడా ఆవిణ్ణే చూస్తున్నాడు. తరవాత అగరుబత్తిని చూశాడు. వెనక తిరిగి జనాన్ని చూశాడు. ఏటేటా తనకు చప్పట్లు కొట్టిన జనం. పళ్ళు బిగబట్టి, గుడ్డ లాగిపారేసి, గంప తెరిచాడు.

నల్ల పుంజు కళ్ళు చికిలించి, తెల్లారిందనుకుని, గంప అంచు మీదికి ఎక్కింది. దానికి తోక లేదన్న సంగతి మందిరంలో అందరికీ తెలుసు, దానికొక్కదానికే తెలియదు. ఎదురుగా బల్ల మీద పాత శత్రువు. ఛాతీ విరిచింది, రెక్కలు దించింది, లేని తోకను తలదాకా ఎత్తింది. ఎత్తి, పైకప్పు అదిరేలా కూసింది.

మందిరం గొల్లుమంది. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఎవరి చేతిలోదో సాకే గిన్నె దొర్లింది. ఆ గోలలో తేయాకు పుంజు లేచింది. మెడ వెనక్కి వంచి, ఛాతీ ముందుకు తోసి, తోకను గీత గీసినట్టు నిలబెట్టింది. మిసావో దాన్ని అంత అందంగా ఎప్పుడూ చూడలేదు. అగరుబత్తి చివర ఇంకా నిప్పు ఉంది.

"ఇది చెల్లదండీ," అని వెనకనించి ఎవరో లేచారు. "ఎదురుగా ఇంకో చాబోను పెట్టి రెచ్చగొట్టారు."

ఇచిహారా మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని గంప మీది పుంజును ముందునుంచీ చూశారు, పక్కనుంచీ చూశారు, వెనకనుంచి మరీ చూశారు.

"మన ప్రమాణం ప్రకారం తోక లేనిది చాబో కాదు," అన్నారు. "నాకిక్కడ ఒక్క చాబోయే కనిపిస్తోంది. అది తోకెత్తి నిలబడింది." ఆ ముఖాన నవ్వు లేదు, పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. "గుర్తింపు ఇస్తున్నాం. ఈ రంగు ఏ వంశంలోంచి వచ్చింది?"

మిసావో గొంతు సవరించుకుంది. ఏరిపారేసినవాటి వంశం అని చెప్పడం అలవాటు ఆవిడకు. నోరు తెరిచేలోపే పక్కనించి జవాబు వచ్చింది.

"మా నాన్న వంశం," అన్నాడు తత్సుకిచి. "నా కోళ్ళు ఏ వంశమో అవీ అదే వంశం. అలా రాసుకోండి."

మిసావోకు కాళ్ళు నేలకు ఆనలేదు. నాన్న చేతిలోంచి అందనిది ఇన్నేళ్ళకు అన్నయ్య నోటినుంచి అందినట్టయింది. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

"మరి పేరు?" అన్నారు మాస్టారు. "పెంచినవాళ్ళే పెట్టాలి."

పదేళ్ళుగా ఆవిడ మనసులో మంచి మంచి పేర్లు తిరుగుతున్నాయి. అన్నయ్య వైపు చూసింది, ఒక్కటీ గుర్తు రాలేదు.

"మసి," అంది.

తత్సుకిచి ఉలిక్కిపడ్డాడు. "ఒసేయ్, వేళాకోళానికి అన్నానే ఆ మాట."

"తెలుసు. వచ్చే ఏడు నువ్విక్కడ లేచి నిలబడి, మసి చాబో బాగుందని మర్యాదగా చెప్పాలి. అది వినాలి నేను."

"వచ్చే ఏడు దాకా దేనికి?"

తత్సుకిచి తన మొండితోక పుంజును చంకలో పెట్టుకుని లేచాడు. బల్ల ముందుకు వెళ్ళి, నడుం వంచి, చెల్లెలి కోడికి నమస్కారం చేశాడు.

"మసి చాబో బాగుంది," అన్నాడు అందరికీ వినపడేలా. "ముఖ్యంగా తోక."