పసుపునీళ్లు పడ్డ టైటానియం సీసా

ఆయుధపూజ రోజు మిర్యాలగూడ దగ్గరి గాజు పూతల కంపెనీలో ల్యాబ్ ఇన్‌చార్జి ఊర్మిళ మామిడాకుతో పసుపునీళ్లు చల్లుతోంది. పొద్దున పూతకని కాస్త తీసుకుని, తానే మూత పెట్టడం మరచిన టైటానియం ఐసోప్రొపాక్సైడ్ సీసాలో చుక్కలు పడ్డాయి. తేటగా ఉన్న ద్రవంలో విరిగిన పాలలా తెల్లటి గడ్డలు కట్టాయి. స్పిరిట్ వాసన గుప్పుమంది.

"హారతి ఆర్పుండ్రి! అంటుకుంటది!" అని అరిచింది.

హారతి ఆరింది. అందరూ ఆమె చేతిలోని మామిడాకునే చూస్తున్నారు. ఊర్మిళ సిగ్గుతో తల దించుకుంది. సీసా వెనక గోడకు ఆమె స్వయంగా రాసి అంటించిన కాగితం ఉంది: "తడి తగిలితే పాడవుతుంది. తడిచేత్తో ముట్టుకుంటే జీతం కట్."

కుంకుమ గిన్నె పట్టుకున్న హెల్పర్ చంద్రమ్మ మెల్లగా అడిగింది.

"మేడం, గీ కాయితానికి గూడ బొట్టు వెట్టాల్నా?"