హవ్లిక్‌కి చెప్పాల్సిన జవాబు

సైకిల్ పందేల నుంచి రిటైరై ఏడాది తిరక్కముందే రాదిమ్ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. కాఫీ సగం తాగి లేస్తాడు. శుభ్రంగా పనిచేస్తున్న తలుపుని బాగుచేస్తానని స్క్రూడ్రైవర్ పట్టుకుంటాడు. పాత టీము మేనేజరు హవ్లిక్ ఫోన్ చేసి, "టీము కారు నడపడానికి మనిషి కావాల్రా, ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా రోడ్డుమీదే బతుకు, ఆదివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పు" అన్నప్పటినుంచి ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది.

భార్య ఇలోనా ఒకటే మాట అంది. "వెళ్తే వెళ్లు. కానీ తిరిగొచ్చేసరికి నేనిక్కడ ఉంటానని మాత్రం అనుకోకు."

బెదిరింపు కాదది. ఆవిడ బెదిరించే రకం కాదు, అదే వచ్చిన చిక్కు.

ఆ ఆదివారం ఆవిడే సైకిళ్లు బయటికి తీసింది. "పద, పావ్లోవ్ ఊరి దాకా పోయి బుర్చాక్ తాగొద్దాం. నీ తిరుగుడు చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి." ద్రాక్షరసం పొంగుతూ, ఇంకా వైన్ కాకుండా బుర్చాక్‌గా ఉండే రోజులవి. మొరావియాలో సగం జనం ఆ దారినే పడ్డారు.

రోడ్డెక్కగానే రాదిమ్ ప్రాణం కుదుటపడింది. అలవాటు చొప్పున ఇలోనా ముందుకెళ్లి గాలికి అడ్డం నిలిచాడు. కెరీర్ అంతా చేసింది అదేగా! గెలిచింది ఎప్పుడూ వేరేవాడే. టీమంతా కలిసి గెలిపించాల్సిన లీడర్‌కి నీళ్ల సీసాలు మోయడం, ఎదురుగాలి తను తినడం, వాడి చక్రం పంక్చరైతే తన చక్రం ఊడదీసిచ్చి దారిపక్కన నిలబడటం. వెనక లీడర్ చక్రం చప్పుడు కాస్త తగ్గితే చాలు, తిరిగి చూడకుండానే తెలిసిపోయేది. ఆ చెవులకి టీములో పెద్ద పేరు.

ద్రాక్షతోటల మధ్య ఎత్తు మొదలైంది. ఒప్పుకుంటే ఏమవుతుంది? ఫిబ్రవరిలో స్పెయిన్, వెచ్చటి ఎండ, పొద్దున్నే మెకానిక్‌ల అరుపులు. ఒప్పుకోకపోతే? ఎంత ఆలోచించినా అటువైపు ఏమీ కనబడలేదు. కాళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. కొండ ఎక్కి, దిగి, పావ్లోవ్ చర్చి ముందు ఆగి, "ఎలా ఉంది ఎక్కుడు?" అంటూ నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

వెనక ఎవరూ లేరు.

వచ్చిన దారినే పడి మళ్లీ కొండ దాటాడు. అవతల తోట చివర, వైన్ పీపాలుండే నేలమాళిగ ముందు, బల్లమీద ఇలోనా కూర్చుని ఉంది. మోకాలికి తడిగుడ్డ. పక్కన ఆ నేలమాళిగ యజమానురాలు, ముసలి బొజెనా, గ్లాసులు నింపుతోంది.

"వచ్చాడమ్మా చాంపియను!" అంది బొజెనా. "పావ్లోవ్‌లో ఎవరైనా పూలగుత్తి పట్టుకుని నిలబడ్డారా నాయనా నీకోసం?"

"ఏమైంది ఇలోనా? పిలవొచ్చుగా!"

"పిలిచాను. కంకరలో చక్రం జారింది. జారేటప్పుడు పిలిచాను, పడ్డాకా పిలిచాను."

"భూమి లోపల పీపాల మధ్య ఉన్నదాన్ని, నాకే వినపడింది," అంది బొజెనా.

రాదిమ్ సిగ్గుతో చచ్చిపోయాడు. మోకాలు చూడబోతే ఇలోనా కాలు పక్కకి జరుపుకుంది. "గీసుకుందంతే, చూడక్కర్లేదు."

అప్పుడే ఫోన్ మోగింది. సాయంత్రం దాకా ఆగడం హవ్లిక్ వల్ల కాలేదు.

"ఎత్తు," అంది ఇలోనా. "నాకోసమని మాత్రం వద్దనకు. చలికాలమంతా నా మొహం చూసి నిట్టూరుస్తావ్. అది నేను పడలేను."

ఎత్తాడు. "నేను రాను హవ్లిక్."

"ఆవిడ ఒప్పుకోలేదా?"

"ఆవిడ కాదు, నేనే. ఇందాక నా భార్య వెనక పడిపోతే నాకు తెలియలేదు. అదే లీడర్ అయ్యుంటే గొలుసు కిర్రుమన్నా వినపడేది."

"సరేగానీ, ఇంట్లో ఏం చేస్తావురా? గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటావా?"

రాదిమ్ ఇలోనా పక్కన బల్లమీద కూర్చున్నాడు. బల్లకింద కాలు ఆడుతూనే ఉంది. "తెలీదు. భయంగా ఉంది హవ్లిక్. పొద్దున లేవాలంటేనే భయంగా ఉంది."

"సర్లేరా," అని హవ్లిక్ ఫోన్ పెట్టేశాడు. బొజెనా కూజా తీసుకుని చప్పుడు చేయకుండా లోపలికి పోయింది.

"ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదే," అంది ఇలోనా.

"నీతో కాదుగా, హవ్లిక్‌తో అన్నాను," అన్నాడు తలెత్తకుండా.

"విన్నాను. ఇప్పుడు నాతో చెప్పు."