కూబా కింది మెట్టు

మా అన్న తిబుసుంగు ఒక మాట అన్నాడు. ఆ మాట అన్ననాటి నుంచి నా కొడుకు ఒళ్లు చేయలేదు.

అలా అని నేను నమ్మాను. కింద చియాయి పట్నంలో డాక్టరమ్మ నమ్మలేదు. గుండెలో చిల్లు ఉంది, పుట్టుకతోనే ఉంది, ఒకరి మాట వల్ల పడే చిల్లు కాదు అని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆపరేషన్ చేయాలంటే పిల్లవాడి బరువు పెరగాలట. పాలు తాగితే కదా పెరిగేది. నాలుగు గుక్కలు తాగేసరికి నుదుటి మీద చెమట, పెదాలు నీలం. నోరు వదిలేసి నా మొహం చూసేవాడు, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు. చిల్లు సంగతి సరే, అది నా కొడుక్కే ఎందుకు వచ్చిందని డాక్టరమ్మని అడిగాను. ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది.

మా కొండల్లో ఏటికి కూడా ఇంటిపేరు ఉంటుంది. ఈ మలుపు నుంచి ఆ బండ దాకా ఫలానావాళ్లది. వాళ్లని అడక్కుండా అందులో చేప పట్టడమంటే వాళ్ల వంటింట్లో దూరి కుండ ఎత్తుకుపోవడమే. మా ఆయన అతాయికి ఇది తెలియక కాదు. తేయాకు లారీ తోలుతూ పట్నంలో స్నేహాలు మరిగాడు. ఆ స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి, వాళ్ల ముందు గొప్ప కోసం, మా పుట్టింటివాళ్ల మడుగులోనే బ్యాటరీ తీగలు దించాడు. పెద్ద చేపలతో పాటు వేలెడంత పిల్లచేపలు కూడా పొట్టలు పైకి పెట్టి తేలాయి. మా అన్న ఏళ్ల తరబడి వల వేయకుండా, ఎవరినీ వేయనివ్వకుండా కాపాడుకుంటున్న మడుగు అది.

అప్పటికి నేను పచ్చి బాలింతని. నా కొడుకు ఆంగాయిని చూడడానికి పుట్టింటివాళ్లు వచ్చేరోజు. మేనమామ కొర్రకల్లులో వేలు ముంచి బిడ్డ నుదుట రాసి దీవించాలి. అన్న వచ్చాడు, గిన్నె అందుకున్నాడు, వేలు మాత్రం ముంచలేదు. కల్లంతా గడప మీద ఒలకబోశాడు.

"పిల్లచేపల్ని కూడా మిగల్చని ఇంట్లో, ఈ పిల్లోడు కూబా మెట్టెక్కేంత వాడవడు," అన్నాడు.

కూబా అంటే మా మగవాళ్ల కొట్టం, మా మగపిల్లలంతా ఎక్కాల్సింది. అంతే, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. కన్నతండ్రి తిట్టినా గాలికి పోతుందేమో గానీ మేనమామ నోట వచ్చింది ఊరికే పోదు. మా అత్త చర్చిలో ముందు బెంచీ మనిషి. వీటన్నిటినీ ఎగతాళి చేసే ఆవిడ కూడా ఆ రోజు గడప కడగడానికి వెనకాడింది.

అతాయి బుద్ధి తెచ్చుకున్నాడు, చేతులు కాలాక. బ్యాటరీని బండతో పగలగొట్టి ఆ ముక్కల్ని అన్న వాకిట్లో పెట్టి తలవంచుకుని నిలబడ్డాడు. ఊరి పెద్ద చేత పందినీ కల్లుకుండనీ పంపాం. వదిన అవి లోపలికి తీసుకుంది. తీసుకుంటే కోపం తీరినట్టే లెక్క, ఇక వచ్చి బిడ్డని దీవించడమే తరవాయి. రోజూ కల్లు వడకట్టి గిన్నెలో సిద్ధంగా పెట్టాను. అన్న రాలేదు. కల్లు తాగాడు గానీ కరగలేదని ఊరంతా చెప్పుకుంది.

నేనే వెళ్లాను. పిల్లవాణ్ణి వీపున కట్టుకుని, తేయాకు తోటల మీదుగా, వాడికి ఊపిరాడనప్పుడల్లా ఆగుతూ ఆ ఎత్తంతా ఎక్కాను. వెదురు పొదల అవతల అన్న కనిపించాడు. నన్ను చూసి చేతిలో కత్తి కింద పెట్టాడు. వస్తాడనుకున్నాను. పెరటి దారిన దిగి వెళ్లిపోయాడు. కూబా కప్పుకి కొత్త గడ్డి వేస్తున్నారనీ, పండగ దాకా అక్కడే ఉంటాడనీ వదిన చెప్పింది. చెప్తూ నా వైపు చూడలేదు. ఆంగాయి పాదాలు పట్టుకుని ఏడ్చింది. ఏడవడం నాకూ వచ్చు, దానికోసం ఇంత కొండ ఎక్కి రానక్కర్లేదని ముఖం మీదే అనేసి దిగి వచ్చాను.

కూబా మగవాళ్లది కదా. ఎత్తు స్తంభాల మీద, మధ్యలో ఆరని నిప్పుతో ఉంటుంది. ఆడది దాన్ని తాకకూడదు. అంటే మా అన్న సరిగ్గా నేను రాలేని చోటు చూసుకుని కూర్చున్నాడన్నమాట.

చలి చివర, మాయాస్వి పండగ ముందు, డాక్టరమ్మ మాట మార్చింది. ఇక బరువు కోసం ఆగలేం అంది. పండగ సెలవులు కాగానే కవోషింగ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లి గుండె తెరవాలి. బతుకుతాడా అని అతాయి అడిగితే సగం సగం అంది. చదువుకున్న మనిషి, అబద్ధం చెప్పలేదు. కొండదారి పొడుగునా అతాయి లారీ తోలుతూనే ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. సగం సగం అంటే ఏ సగం ఎటు మొగ్గుతుందో నా అన్న చేతిలో ఉందని నాకు తెలుసు. నెత్తిన ఆ మాట పెట్టుకుని నా కొడుకు కత్తి కిందికి వెళ్లడానికి వీల్లేదు. మాయాస్వి రోజున, కొత్తగా పుట్టిన మగపిల్లల్ని మేనమామలు ఎత్తుకుని మొదటిసారి కూబా ఎక్కిస్తారు. అదొక్కటే మిగిలింది.

అత్త వద్దంది. ఈ చలిలో ఆ గుంపులోకి పసివాణ్ణి తీసుకెళ్లడమేంటి, ప్రార్థన చేసుకుందాం అంది. "మీరు ప్రార్థన చేయండత్తా, నేను వీణ్ణి తీసుకెళ్తాను, ఏది ఫలిస్తే అదే," అన్నాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. శాలువా కప్పుకుని నా వెనకే వచ్చింది.

పొగమంచు కొండ మీదకి వచ్చి కూర్చుంది. మైదానంలో పవిత్ర వృక్షం కింద పందిని పొడిచారు. ఎర్ర అంగీలు, ఈకల టోపీలు వేసుకున్న మగవాళ్లు ఆ నెత్తురు చెట్టుకి రాసి కేకలు వేశారు. కొమ్మలు నరికారు. చేతులు కలిపి వలయంగా నిలబడి దేవుణ్ణి పిలిచే పాట ఎత్తుకున్నారు. చిన్నప్పటి నుంచి ఆ పాట వింటే నా ఒళ్లు గగుర్పొడిచేది. ఆ రోజు మాత్రం ఎప్పుడు అయిపోతుందా అనిపించింది. నా చెవి ఆంగాయి ఊపిరి మీదే ఉంది.

పాట ఆగాక పిల్లల్ని పిలిచారు. మేనమామలు ఒక్కొక్కరే కిందికి దిగి, చెల్లెళ్ల చేతుల్లోంచి పిల్లల్ని అందుకుని పైకెక్కారు. ఒకడు గుక్కపెట్టి ఏడిస్తే జనం నవ్వారు. వేటగాడు కాడు, పాటగాడవుతాడని ఎవరో అన్నారు. నాకూ నవ్వొచ్చేదేమో, వేరే రోజయితే. నా కొడుక్కి అలా ఏడిచే ఓపిక కూడా లేదు.

అందరూ అయిపోయారు. అన్న కూబా మీద నిప్పు పక్కన, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఊరి పెద్ద ఆంగాయి పేరు పిలిచాడు. అన్న కదల్లేదు. మళ్లీ పిలిచాడు. మా పినతండ్రి కొడుకు జాలిపడి, నేను ఎత్తుకోనా అని అడిగాడు. తోడబుట్టినవాడు బతికుండగా ఇంకొకరు ఎత్తుకుంటే ఆ దీవెన అంటదని ఊరందరికీ తెలుసు, పాపం అతనికీ తెలుసు.

"పదవే, ఇంటికి పోదాం," అన్నాడు అతాయి నా మోచేయి పట్టుకుని. "వాడు రాడు. తప్పు నాది, నన్ను తిట్టు, ఇక్కడ కాదు."

నేను మోచేయి విడిపించుకున్నాను. జనంలోంచి నడిచి కూబా దగ్గరికి వెళ్లాను. వెనక ఎవరో ఆడమనిషి నా పేరు పిలిచింది, ఇంగూయూ, ఆగు అని. మెట్టుకి చెయ్యి తగలకుండా, వంగి, దుప్పట్లో చుట్టిన ఆంగాయిని కూబా కింది మెట్టు మీద పడుకోబెట్టాను. వెనక్కి నడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అక్కడినుంచి వాణ్ణి తిరిగి తీసే హక్కు నాకు లేదు, నా చెయ్యి మెట్టుని తాకకూడదు. తండ్రికీ లేదు, మేనమామ వంతు వచ్చాక తండ్రి ముట్టుకోకూడదు. ఆ విషయం తెలిసే చేశాను. ఎత్తుకుంటే మా అన్నే ఎత్తుకోవాలి, లేకపోతే అతని కళ్ల ముందే నా కొడుకు ఆ చల్లటి కర్ర మీద ఆరిపోవాలి. పిచ్చిదాన్నంటారా, అనండి. ఆంగాయి పిల్లికూనలా సన్నగా మూలిగాడు. చెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చింది. గోళ్లు నీలంగా ఉన్నాయి. నా రొమ్ముల్లో పాలు పొంగి రవిక తడిసింది. ఇంకొక్క క్షణం ఆగితే ఏ ఆచారమూ చూడకుండా పరిగెత్తేదాన్ని.

అన్న లేచాడు. మెట్లు దిగి కింది మెట్టు దగ్గర కూలబడ్డాడు. ముఖం చూసి నేను జడుసుకున్నాను. ఈ కొన్ని నెలల్లో మనిషి సగమయ్యాడు. నేను దగ్గరికి వెళ్లాను. అతని మాట నాకు తప్ప ఇంకెవరికీ వినపడలేదు.

"ఎందుకే ఇలా చేశావు," అన్నాడు.

"ఎత్తుకో అన్నా. ఆ మాట వెనక్కి తీసుకో. సెలవులు కాగానే కోస్తారు వీణ్ణి."

"ఎప్పుడో తీసుకున్నాను."

నాకు అర్థం కాలేదు.

"ఆసుపత్రికి తీసుకెళ్లారని తెలిసిన రోజే మీ ఇంటివైపు తిరిగి కల్లు పోసి వెనక్కి తీసుకున్నాను. నువ్వు పంపిన కల్లుతో మళ్లీ తీసుకున్నాను. ఊరి పెద్దని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ. ఏమీ కాలేదు. మీ వదిన వచ్చి చూసి, ఇంకా నీలంగానే ఉన్నాడని చెప్పేది." ఊపిరి పీల్చుకున్నాడు. "నా మాటకి అంత బలమే ఉంటే, వీడు ఈపాటికి బాగుపడాలి కదమ్మా."



"మరి రాలేదేం? నేను కొండెక్కి వస్తే పారిపోయావేం?"

"వచ్చి దీవించి, ఆ తర్వాత కూడా వీడు బాగుపడకపోతే, నీకింక ఏం మిగులుతుంది? నామీద కోపం ఉన్నంతకాలం నీకు ఒక దారి ఉన్నట్టుండేది. తిట్టుకోడానికైనా నేనుంటాను అనుకున్నాను."

ఇన్ని నెలలుగా ఎవరి ముఖం తలుచుకుని పళ్లు కొరుక్కుంటూ నిద్రలేచానో, ఆ మనిషి నాకోసమే ఆ తిట్లన్నీ తింటూ కూర్చున్నాడు. అతని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. దానికి వెయ్యి రెట్లు భయం పుట్టుకొచ్చింది. గుండెలో చిల్లు ఉంది. డాక్టరమ్మ గీసిన బొమ్మ ఉంది. సగం సగం ఉంది. ఇంకేమీ లేదు.

"అన్నా, కోపంగా ఉన్నావని చెప్పు," అన్నాను. "ఇంకా తీరలేదని చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను. ఇప్పుడే తీరిందని అందరూ వినేట్టు చెప్పు."

అన్న నా ముఖం చూశాడు. మా అమ్మ పోయిన రోజు కూడా అలా చూడలేదు. లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకు కోపం ఉండేది," అని పెద్దగా అన్నాడు, మైదానమంతా వినేలా. "ఇప్పటిదాకా ఉంది. నా మడుగుని పాడుచేసిన ఇంటి మీద కోపం. ఇదిగో, ఇప్పుడు వదిలేస్తున్నాను. నా మేనల్లుడు కూబా ఎక్కుతాడు."

ఊరి పెద్ద కల్లుగిన్నె అందించాడు. అన్న వేలు ముంచి ఆంగాయి నుదుట రాశాడు. ఎర్రటి నార పోగు వాడి మణికట్టుకి కట్టాడు. ఎత్తుకుని, గాజుగిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కాడు. మగవాళ్లు కేక వేశారు. పాట మళ్లీ మొదలైంది. జనంలో ఎవరో, ఇన్నాళ్లకి దిగొచ్చాడ్రా మొండివాడు అన్నారు. అతాయి నేలమీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

అత్త వచ్చి నా భుజం గట్టిగా పట్టుకుంది. ముందు బెంచీ మనిషి, కళ్లు మెరిసిపోతున్నాయి. "పోయిందే తల్లీ, పీడ పోయింది. ఇంక వాడికేం భయం లేదు," అంది.

ఆవిడ ముఖంలో ఉన్న నమ్మకం ఇందాకటిదాకా నా దగ్గరే ఉండేది.

"అవునత్తా, పోయింది," అన్నాను. పైన నిప్పు పక్కన, నా కొడుకుని ఒళ్లో పెట్టుకుని మా అన్న మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ వీపు వెక్కిళ్లతో ఎలా కదిలిపోతుందో ఆవిడకి కనపడకుండా నేను కాస్త అడ్డంగా జరిగాను.